గొంతుల వంతు

మూడో తారీఖు, సోమవారం

నాలుగు పొయ్యిల పెద్దమ్మ అనే నేను, వయసు డెబ్భై ఎనిమిది, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయిస్తున్నది. అసలు పేరొకటి ఉంది. కానీ ఆసుపత్రి క్యాంటీనులో ముప్పై ఒక్క ఏళ్లు నాలుగు పొయ్యిల ముందు నిలబడ్డాక ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిలిచినా నేను పలకను.

ఇంట్లో ఉన్నది నలుగురం. ఒకటి నేను. రెండు నా కొడుకు, రేడియోలూ టీవీలూ బాగుచేస్తాడు. మూడు నా కోడలు, కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. నాలుగోది పిల్లి. దానికి పేరు లేదు, "ఒసేయ్" అంటే వస్తుంది. కోడలు కూడా వస్తుంది గానీ అది వేరే సంగతి.

నాకు చదువు రాదు. రాస్తున్నది కింది వాటాలో కుట్టుపనావిడ, తన కొలతల పుస్తకంలో, వెనక పేజీల నుంచి. ఇది ఎవరికీ చూపించేది కాదు. దిండు గలీబులో దాచుకుంటాను. నాకేమైనా అయితే మాత్రం పోలీసులు చదువుకోవచ్చు.

కేసు ఏమిటంటే, నా కొడుకు నా గొంతు కొయ్యబోతున్నాడు.

నిన్న సాయంత్రం వాడు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతుంటే నా చెవులతో విన్నాను. నా మోకాళ్లు చెడ్డాయి గానీ చెవులు చెడలేదు. వాడన్న మాటలు అన్నట్టే చెప్తున్నాను. "నాలుగు గొంతులే ఉన్నాయండీ. నాలుగింటి దాకా సర్దొచ్చు. ఐదోది వచ్చిందంటే చోటు లేదు, అన్నిటికంటే పాతదాని గొంతు కొయ్యాల్సిందే. నాకూ పాపం అనిపిస్తుంది. కానీ అందరూ చేసేది అదేనండీ." తరవాత "టక్కున కోస్తే చప్పుడు బయటికి వినబడుతుంది. మెల్లగా కోస్తే పక్కనున్నవాళ్లకి కూడా తెలీదు" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర కోడలు, "అత్తయ్యా, శుక్రవారం మా అమ్మ వస్తోంది. ఇక ఇక్కడే ఉంటుంది" అంది.

ఇంట్లో నలుగురం. ఐదో మనిషి వస్తోంది. పాతది నేను. లెక్క నాకు రాకపోవచ్చు గానీ ఈ లెక్క వచ్చు.

"పెద్దమ్మా, మీవాడు చీమని కూడా తొక్కకుండా పక్కకి జరుగుతాడు, మిమ్మల్ని కోస్తాడా?" అంది కుట్టుపనావిడ.

చీమ వాడికి వండిపెట్టి, వేళకి మాత్రలు వేసుకోమని తిట్టిందా? నువ్వు రాయి.

నాలుగో తారీఖు, మంగళవారం

ఇవాళ వాడు కొత్త కత్తెర తెచ్చుకున్నాడు. తీగలు కోయడానికట.

ఐదో తారీఖు, బుధవారం

సోమవారం చెప్పిన వయసులో పొరపాటు దొర్లింది. పెద్ద వరద వచ్చిన ఏడు పుట్టానని మా అమ్మ చెప్పేది. వరదలు రెండొచ్చాయి. బాగా ఆలోచించుకుంటే నేను పుట్టింది రెండో వరదకి. కనక నా వయసు డెబ్భై రెండు.

"రెండ్రోజుల్లో ఆరేళ్లు ఎలా తగ్గాయి పెద్దమ్మా?" అంది కుట్టుపనావిడ.

"వరదలో కొట్టుకుపోయాయి, రాయి" అన్నాను.

పిల్లికి పదమూడు. పిల్లుల లెక్కలో పదమూడంటే మనకి డెబ్భైకి దగ్గరని కోడలు ఒకసారి అంది. ఇంకో మూడేళ్లు తగ్గించుకుంటే ఇంట్లో అన్నిటికంటే పాతది పిల్లే అవుతుంది. కానీ నోరులేని జీవం. రేపు ఆలోచిస్తాను.

అసలు దెబ్బ ఇవాళ తగిలింది. "మా అమ్మకి ఆయాసం, కిటికీ పక్క మంచం ఆవిడకిద్దాం" అంది కోడలు. నన్ను గోడవైపు పడుకోమంది. గది అదే, మంచమే మారుతుంది కదా అత్తయ్యా అంది. ఆ అమ్మాయికేం తెలుసు! ఆ కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి క్యాంటీను పొగగొట్టం కనబడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు అందులోంచి పొగ పంపింది నేను. ఇప్పటికీ పొద్దున్నే ఐదున్నరకి లేచి, పొగ లేచిందో లేదో చూసి, ఆలస్యమైతే నాలుగు తిట్టి, అప్పుడు పళ్లు తోముకుంటాను. ఆ నాలుగు తిట్లే నా ఉద్యోగం ఇప్పుడు.

గొంతు కొయ్యక ముందే కిటికీ కోశారు.

ఆరో తారీఖు, గురువారం

పిల్లి గురించి ఆలోచించాను. డెబ్భై రెండు దగ్గరే ఉండనీ.

ఏడో తారీఖు, శుక్రవారం

దిగింది. వియ్యపురాలు. ముప్పై ఏళ్లు బళ్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. సంచిలో చీరల కంటే ముందు బయటపడినవి ఒక చేతిగంట, ఒక ఎర్రసిరా కలం, ఒక స్టాంపు ప్యాడు. రిటైరైనప్పుడు బడివాళ్లు ఇచ్చారట. ఇచ్చారో, ఈవిడే తెచ్చుకుందో దేవుడికే తెలియాలి.

కాఫీ గ్లాసు చేతికివ్వగానే అసలు విషయానికొచ్చాను.

"వదినగారూ, మీకెన్నేళ్లు?"

"డెబ్భై నాలుగండీ. మీకు?"

"డెబ్భై రెండు."

"చూస్తే అలా అనిపించరే!"

"మీరూ అనిపించరు."

కోడలికి ఎందుకో పొలమారింది. వంటింట్లోకి పోయి దగ్గింది. నేను మాత్రం వారంలో మొదటిసారి గుండెల మీద చెయ్యేసుకున్నాను. డెబ్భై నాలుగు! ఇప్పుడు ఇంట్లో పాతది ఆవిడే. మనసులో పాపం అనుకున్నాను. పైకి బిస్కెట్టు ఇచ్చాను.

మంచాలు మార్చారు. నా మంచం గోడవైపు, కొడుకు చేసిన యంత్రం కింద వేశారు. యంత్రమంటే చెప్పాలి. మూడేళ్లుగా దుకాణం నుంచి రాగానే వాడు దాని ముందే. బీరువా తలుపంత చెక్కకి వరసలు వరసలుగా బొత్తాలు, దీపాలు, ఒక చోటు నుంచి ఇంకో చోటికి జడలు అల్లినట్టు రంగురంగుల తీగలు. కింద హార్మోనియం మెట్ల లాంటి మెట్లు. నొక్కితే పాటొస్తుందట. నాకు వినిపించేది ఎప్పుడూ తలుపు కిర్రుమన్న చప్పుడే. పిల్లికి మాత్రం ఇష్టం, పైన వెచ్చగా ఉంటుందని.

ఎనిమిదో తారీఖు, శనివారం

(కుట్టుపనావిడ రాలేదు. ఈ తేదీ తరవాత వేయించింది.)

తొమ్మిదో తారీఖు, ఆదివారం

ఈ చేతిరాత వేరే. ఎవరిదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. వియ్యపురాలిది.

కుట్టుపనావిడకి బడిపిల్లల యూనిఫారాలు వచ్చిపడ్డాయి, వారం దాకా తల ఎత్తదట. కేసు ఆగకూడదు. కొడుకుతో రాయిద్దామంటే వాడు ముద్దాయి. కోడలితో రాయిద్దామంటే ముద్దాయి పెళ్లాం. పిల్లికి రాదు. మిగిలింది ఈవిడే. చెప్పింది చెప్పినట్టు రాస్తానని గంట మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాను.

మొదటి ఫిర్యాదు. వియ్యపురాలు గురక పెడుతుంది. రాయి.

"రాశాను. అది గురక కాదు వదినగారూ, ఆయాసం."

అదీ రాయి. రెండో ఫిర్యాదు. అడక్కుండా అందరి మాటలూ దిద్దుతుంది. నిన్న పాలవాణ్ని కూడా దిద్దింది.

"అతను 'రెండు లీటరు' అన్నాడండీ. 'లీటర్లు' అనాలి."

మూడో ఫిర్యాదు. నా కిటికీ.

ఇది మాత్రం ఆవిడ ఒకసారి కిటికీ వైపు చూసి రాసుకుంది.

తరవాత, ముందు పేజీలు చదివితే గానీ సందర్భం తెలియదు అని మొదటి నుంచీ పైకి చదవడం మొదలుపెట్టింది. సోమవారం పేజీ చదువుతూ చదువుతూ, "నా గొంతు కొయ్యబోతున్నాడు. మెడ పద్నాలుగున్నర, భుజం పదిహేను, చేతులు పొట్టిగా" అని చదివింది. నాకు ఒళ్లు చల్లబడింది. నా మెడ కొలత పుస్తకంలోకి ఎప్పుడెక్కింది? తీరా చూస్తే అది ఎవరిదో జాకెట్టు కొలతట, పేజీ అంచున.

చదవడం అయ్యేసరికి ఎర్రసిరాతో ఇరవై మూడు తప్పులు దిద్దింది. కోడలికి పొలమారిన చోటికి వచ్చేసరికి మాత్రం ఏమీ దిద్దకుండా పేజీ తిప్పేసింది. తరవాత నవ్వింది. నవ్వీ నవ్వీ ఊపిరందక మంచమ్మీద వాలిపోతే, వీపు నిమిరి నీళ్లిచ్చింది నేనే. ఆయాసం నిజమేనని ఒప్పుకుంటున్నాను. రాసుకో.

"వదినగారూ, అల్లుణ్ని ఒకసారి ఎదురుగా అడగొచ్చు కదా?" అంది తేరుకుని.

"దొంగని నువ్వు దొంగవా అని అడుగుతారా ఎవరైనా?"

"బళ్లో నేను అలాగే అడిగేదాన్ని. ముప్పై ఏళ్లు."

"చెప్పేవాళ్లా?"

"గంట చేతిలో ఉంటే చెప్పేవాళ్లు."

పదో తారీఖు, సోమవారం

అడిగింది. గంట చేత్తో పట్టుకుని మరీ అడిగింది. "అల్లుడుగారూ, ఎవరి గొంతు కొయ్యబోతున్నారు?"

వాడు ఒకసారి నా మొహం, ఒకసారి వాళ్లత్తగారి మొహం చూసి, విషయం అర్థమయ్యాక నేలమీద కూలబడి నవ్వాడు. ఈ ఇంట్లో నేను తప్ప అందరూ నవ్వడానికే పుట్టారు.

వాడు చెప్పింది ఇది. యంత్రంలో ఒక్కో వరసని వాడు గొంతు అంటాడట. నాలుగు వరసలు, నాలుగు గొంతులు. ఒక మెట్టు నొక్కితే ఒక గొంతు పాడుతుంది. నాలుగు మెట్లు నొక్కితే నాలుగూ పాడతాయి. ఐదో వేలు పడిందా, పాడటానికి గొంతు లేదు. అప్పుడు మధ్యలో ఉన్న చిన్న పెట్టె, వాడి మాటలో పంపకం పెట్టె, అన్నిటికంటే ముందు నుంచి పాడుతున్న గొంతుని కోసి, దాన్ని కొత్త మెట్టుకిచ్చేస్తుంది.

"అంతేనమ్మా. నీ గొంతు కొయ్యడం నా తరమా? పదిమంది వచ్చినా కాదు."

నేను ఏమన్నానంటే, నేనూ మొదటి నుంచీ యంత్రం గురించే చెప్తున్నాను అన్నాను. ఈ పుస్తకంలో కూడా యంత్రం గురించే ఉంది. చదివేవాళ్లు సరిగ్గా చదువుకోవాలి.

"ఉన్నదున్నట్టు రాయనా?" అంటోంది వియ్యపురాలు.

నేను చెప్పినట్టు రాయి.

వాడి బాధ అప్పుడు బయటపెట్టాడు. నాటకాలాయన ఒకడున్నాడు, ఫోనులో మాట్లాడింది ఆయనతోనే. ఒక నాటకానికి ఈ యంత్రం కావాలంటున్నాడు. నాటకంలో ఓడ మునిగే దాకా అడుగున ఒక లావాటి శబ్దం ఊఁ అని ఆగకుండా ఉండాలి, పైన పాట నడవాలి. కానీ ఐదో వేలు పడగానే పంపకం పెట్టె ఆ ఊఁ నే కోసేస్తుంది, అదే అన్నిటికంటే పాతది కాబట్టి. శనివారం ఆయన చూడటానికొస్తాడు. మూడేళ్ల పని ఆ ఒక్క ఊఁ దగ్గర తెగిపోతోంది.

వాయించి చూపించాడు. ఎడమచేతి చిటికెనవేలితో ఊఁ. కుడిచేత్తో ఒకటి, రెండు, మూడు. బాగుంది, ఒళ్లు జలదరించింది. ఐదోది వేశాడు. ఊఁ పోయింది. పాట కాళ్లు విరిగినట్టు గాల్లో మిగిలింది.

"ఒరేయ్, పాలగిన్నె ఎవడు దించమన్నాడురా?" అని అరిచాను.

ఎవరికీ అర్థం కాలేదు. రేపు చెప్తాను. ఇప్పుడు మా వదినగారి చెయ్యి నొప్పెడుతోందట.

పదకొండో తారీఖు, మంగళవారం

పాలగిన్నె సంగతి. నా దగ్గర నాలుగు పొయ్యిలు. పొద్దున్నే ఐదున్నరకి మొదటి పొయ్యి మీద పాల డేగిశా ఎక్కించేదాన్ని. పది దాకా అది దిగేది కాదు. ఆసుపత్రంతా దాని మీదే బతికేది. మిగతా మూడింటి మీద టీ, గుడ్లు, గంజి వస్తూ పోతూ ఉండేవి. ఒకసారి నాకు జ్వరమొస్తే కొత్తావిడని పెట్టారు. నాలుగూ నిండి ఉండగా డాక్టరుగారికి వేణ్నీళ్లు అర్జెంటన్నారు. అన్నిటికంటే పొద్దున్నించీ ఉన్నది ఇదే కదా, దీని వంతు అయిపోయింది కదా అని పాల డేగిశా దించేసింది మహాతల్లి. అరవై మంచాల వార్డులో పిల్లలు ఏడ్చిన ఏడుపు నాకు ఇంట్లో వినబడింది. జ్వరంతోనే వెళ్లాను. జ్వరం ఆవిడకి ఎక్కించి వచ్చాను.

ముందొచ్చినదాన్ని ముందు దించకూడదు. ఏది దేనిమీద నిలబడిందో చూసి దించాలి.

ఇది చెప్తే వాడు కాగితం తెచ్చుకుని రాసుకున్నాడు. నా కొడుకు నా మాట రాసుకోవడం ఇదే మొదలు.

ఇంకో సంగతి. యంత్రం కిందే పడుకుంటున్నానుగా, నాలుగు గొంతులూ గుర్తుపట్టాను. మొదటిది జలుబు చేసినట్టు. రెండోది ఒక వెంట్రుకవాసి హెచ్చు, నా రెండో పొయ్యి ఒక పక్కే మండినట్టు. మూడోది బుద్ధిమంతురాలు. నాలుగోది పిలిచిన కాసేపటికి పలుకుతుంది, మా కోడల్లాగా. రెండోదాని సంగతి చెప్తే కొడుకు నమ్మలేదు. మీటరు పెట్టి చూసి, ఒక బొత్తాం తిప్పాడు.

పన్నెండో తారీఖు, బుధవారం

ఇవాళ వియ్యపురాలితో పోట్లాట. ఆవిడ చేత్తోనే రాయిస్తున్నాను, మార్చకుండా చూసుకోమని దేవుణ్ని వేడుకుంటున్నాను.

గొంతుల వంతు ఎలా పెట్టాలనేది తగువు.

"హాజరుపట్టీలో ఎలా ఉంటే అలా. ఒకటో నంబరు, రెండు, మూడు, నాలుగు, మళ్లీ ఒకటి. అందరికీ సమానం. పక్షపాతం ఉండదు" అంది.

"మీ బడి అలా నడిచింది కనకే పిల్లలు అలా ఉన్నారు. పొయ్యికి హాజరేమిటండీ? ఖాళీగా ఉన్న పొయ్యిని వదిలేసి, మీ నంబరొచ్చిందని మండుతున్నదాని మీద గిన్నె దించమంటారా?"

"క్రమశిక్షణ అంటూ ఒకటుంటుంది."

"ఆకలికి ఉండదు."

కొడుకు ఆవిడ చెప్పినట్టు ఒకసారి పెట్టి వాయించాడు. నాలుగోసారికి ఊఁ పోయింది. "మార్కులు?" అన్నాను. ఆవిడ ఎర్రసిరాతో తన అరచేతిలో సున్నా వేసుకుని చూపించింది. అందుకు ఆవిడ నాకు నచ్చింది.

నేను చెప్పిన వంతు ఇది. ఒకటి, ఖాళీ పొయ్యి ఉంటే అది ముందు. రెండు, ఖాళీ లేకపోతే, పని అయిపోయి మంట ఆర్పేసినా ఇంకా పొగలు కక్కుతున్న గిన్నె ఏదో చూడు. దాన్ని జరుపు. అది ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది గానీ ఉడకడం లేదు. "అమ్మా, అదే! వేలు తీసేశాక కూడా కాసేపు మోగుతూ ఉంటుందే, అదే!" అని వాడు ఎగిరాడు. మూడు, అలాంటిది కూడా లేకపోతే అప్పుడు పాతదాన్ని తియ్యి. కానీ అడుగున ఉన్న పెద్దగిన్నె జోలికి మాత్రం వెళ్లకు. నాలుగు, తీసేదాన్ని ఈడ్వకు. ఎత్తి పెట్టు. ఈడిస్తే చప్పుడు.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నావమ్మా?" అన్నాడు కొడుకు.

"ఈ గదిలోనేరా. నీ వీపు వెనకాల" అన్నాను.

పద్నాలుగో తారీఖు, శుక్రవారం

నిన్న రాయలేదు. వాడు పంపకం పెట్టెకి నా వంతు నేర్పిస్తున్నాడు, మేమిద్దరం చెరో పక్కా కూర్చుని తప్పులు పట్టాం. కోడలు మా ముగ్గురినీ చూసి షాపుకి గంట ముందే వెళ్లిపోయింది.

ఒక మాట. సోమవారం నుంచీ, పొద్దున్నే కిటికీ దగ్గర్నుంచి వియ్యపురాలు పిలుస్తోంది. "వదినగారూ, పొగ లేచింది. ఐదూ యాభై." నేను అడగలేదు. పుస్తకంలో చదివింది కదా, తెలుసుకుంది.

"ఇరవై నిమిషాలు ఆలస్యం! చేతులు పడిపోను!" అని నేను గోడవైపు నుంచి తిడతాను. "పడిపోనూ!" అని ఆవిడ కిటికీ దగ్గర్నుంచి గొంతు కలుపుతుంది. తిట్టడం కొత్త కదా, దీర్ఘం ఎక్కువ తీస్తుంది. ఆవిడ దిద్దినట్టు నేనూ దిద్దుతున్నాను.

మాటల్లో వరదల సంగతి వచ్చింది. "మొదటి వరద నాకు బాగా గుర్తు. మా నాన్న భుజాలెక్కి చూశాను, గేదెలు కొట్టుకుపోతుంటే" అంది. వెంటనే గబుక్కున లేచి గంట తుడవడం మొదలుపెట్టింది. బంగారంలాంటి ఇత్తడి, ఎందుకంత తుడుస్తుందో.

పదిహేనో తారీఖు, శనివారం

నాటకాలాయన వచ్చాడు. మనిషి తలుపుకి అడ్డంగా సరిపోతాడు. వేళ్లు ఒక్కోటి ఒక్కో అరటిపండు. కొడుకు ఊఁ పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఐదో వేలు వేసే ముందు వాడు నా వైపు చూశాడు. వేసెయ్ అని తల ఊపాను.

వేశాడు. ఊఁ ఉంది. ఆరు వేశాడు, ఏడు వేశాడు. పైనవి వస్తున్నాయి, పోతున్నాయి, ఎక్కడా చప్పుడు లేదు. ఊఁ కదల్లేదు, పాల డేగిశాలా కూర్చుంది.

నాటకాలాయన నమ్మలేదు. పక్కకి జరగమని తనే కూర్చుని, రెండు అరచేతులూ పెట్టి గోడ కూలినట్టు మెట్లమీద పడేశాడు. యంత్రం మీద పడుకున్న పిల్లి ఎగిరి ఆయన నెత్తిన దిగింది. ఆయన "అమ్మో" అని అరిచాడు, పిల్లి అరిచింది, కోడలు అరిచింది, వియ్యపురాలు గంట కొట్టేసింది. ఇంత గోలలోనూ, రాయి వదినా, పెద్దగా రాయి, అడుగున ఊఁ అలాగే ఉంది.

ఓడ మునిగితే ఇలాగే ఉండాలి అన్నాడాయన, నెత్తి తడుముకుంటూ. యంత్రం తీసుకుంటానన్నాడు. వంతు ఎవరు పెట్టారని అడిగితే కొడుకు నన్ను చూపించాడు.

"ఏం చదువుకున్నారమ్మా?"

"నాలుగు పొయ్యిలు."

ఆయన అదేదో పెద్ద చదువనుకుని దణ్ణం పెట్టాడు. పెట్టనీ అని ఊరుకున్నాను.

పదహారో తారీఖు, ఆదివారం

పొద్దున్న కొడుకు అందర్నీ కూర్చోబెట్టాడు. "యంత్రానికి ఏ న్యాయమో ఇంటికీ అదే న్యాయం. అడుగున ఉండి అందర్నీ మోసినవాళ్లని కదపకూడదు. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లెవరో వాళ్లది కిటికీ" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అన్నాను, క్యాంటీను పొగ.

"మరి అమ్మ ఆయాసం?" అంది కోడలు.

"కిటికీ దగ్గర దుమ్మే, తుమ్ములొస్తున్నాయి. గోడవైపే నయం. పెద్దవాళ్లకే ఇవ్వండి" అంది వియ్యపురాలు. వచ్చిన పది రోజుల్లో ఆవిడ తుమ్మగా నేను వినలేదు.

అంతా బాగానే ఉంది. అప్పుడు ఆవిడే ఈ పుస్తకం తెరిచింది. "కానీ ఒక చిక్కుంది. ఇందులో వదినగారి వయసు డెబ్భై రెండు. నాది డెబ్భై నాలుగు. పుస్తకం ప్రకారం పెద్దదాన్ని నేనే."

నా గోతి నేనే తవ్వుకున్నాను. గొంతు దక్కించుకుందామని ఆరేళ్లు వదిలేస్తే, ఆ ఆరేళ్లతో పాటు కిటికీ పోతోంది.

"సోమవారం పేజీలో డెబ్భై ఎనిమిదని ఉందిగా!" అన్నాను.

"బుధవారం దాన్ని పొరపాటని మీరే రాయించారు."

"బుధవారానిది పొరపాటు!"

"అయితే ఆ మాట పద్ధతి ప్రకారం చెప్పి రాయించాలి. వేలిముద్ర వెయ్యాలి. సాక్షులు కావాలి" అంది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. స్టాంపు ప్యాడు అప్పటికే మూత తీసి పెట్టుకుంది. కుట్టుపనావిడని కేకేసి పిలిచాం. నోట్లో గుండుసూదులతోనే వచ్చింది.

కనక చెప్పి రాయిస్తున్నాను. నాలుగు పొయ్యిల పెద్దమ్మ అనే నేను పుట్టింది మొదటి వరదకే. రెండో వరదకి నాకు బుద్ధి తెలుసు, ఆరేళ్లదాన్ని. నా వయసు డెబ్భై ఎనిమిది నిండాయి. కొడుకు మీద పెట్టిన కేసు వాపసు తీసుకుంటున్నాను, కోడలి మీద ఉన్నవి ఉన్నాయి. వియ్యపురాలి మీద పెట్టిన మూడు ఫిర్యాదుల్లో రెండు కొట్టేశాను. గురక అలాగే ఉంచాను. ఈ ఇంట్లో అందరికంటే పాతదాన్ని నేనే. కిటికీ నాది. రేపు పొద్దున్న ఐదున్నరకి పొగ లేవకపోతే చూసుకోండి. రెండు గొంతులతో తిడతాం.

ఇది అంతా నాకు చదివి వినిపించగా విని, సరేనని వేసిన ఎడమచేతి బొటనవేలి ముద్ర. పక్కనున్న రెండో ముద్ర పిల్లిది, పిలవకుండా వచ్చి ప్యాడులో కాలు పెట్టింది.

సాక్షి: కింది వాటా కుట్టుపనావిడ. (పుస్తకం నాది. ముందు పేజీల్లో ఉన్న కొలతలకీ ఈ కేసుకీ సంబంధం లేదు.)

సాక్షి, రాసినవారు: వియ్యపురాలు, హెడ్మాస్టరు, రిటైర్డ్. వయసు ఎనభై రెండు. ఈ ఆఖరి వాక్యం మాత్రం వదినగారికి చదివి వినిపించలేదు.